జక్రాన్‌పల్లి తొలి విమానం ముంబైకే ఎగరాలి

నిజామాబాద్, ముంబై దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. తిన్నగా గీత గీస్తే 550 కిలోమీటర్ల దూరం. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్ విమానమైతే, పైకెక్కే, కిందికి దిగే సమయం కలుపుకొని గంటంపావు, గంటన్నర ప్రయాణం. కానీ కామాటిపురా గల్లీలో ఉండే నిజామాబాద్ మనిషి విమానంలో ఊరికి రావాలంటే శంషాబాద్‌లోనే దిగాలి. గాలిలో 620 కిలోమీటర్లు ఆగ్నేయానికి వచ్చి, రోడ్డు మీద మళ్లీ 200 కిలోమీటర్లు ఉత్తరానికి పోవాలి. విమానాశ్రయంలో పడిగాపులు, కారు కిరాయి అన్నీ కలిస్తే ఇల్లు చేరేసరికి తొమ్మిది పది గంటలు. రాత్రి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు మర్నాడు పొద్దెక్కాక నిజామాబాద్‌లో దిగుతాడు. ఇంత ఖర్చు పెట్టి ఎగిరినవాడికి మిగిలేది మూడు నాలుగు గంటలే.

బతుకమ్మకు వచ్చేవాళ్లకు ఆ తేడా పెద్దది కాదు. తెల్లవారుజామున ఫోన్ మోగి, ఊళ్లో నాయిన పోయాడంటే అప్పుడు ప్రతి గంటా లెక్కే. పొద్దుగూకేలోగా కొడుకు రావాలి, తలకొరివి పెట్టాలి. రైలు రాత్రికి గానీ లేదు. ముంబై తెలుగు చాల్‌లలో చివరి చూపు దక్కని కొడుకులు, బిడ్డలు ఎందరో. వాళ్ల బాధను ఏ విమానయాన నివేదికా లెక్కలోకి తీసుకోలేదు.

కామాటిపురాకు ఆ పేరే మనవాళ్ల వల్ల వచ్చింది. నిజాం రాజ్యం నుంచి వలసపోయి బొంబాయి కట్టడాలకు రాళ్లు మోసిన కామాటీలు వాళ్లు. తర్వాత పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ మిల్లులకు పోయారు. 1982 సమ్మెతో మిల్లులు కూలాక ఎందరో భివండీ మరమగ్గాల దారి పట్టారు. గల్ఫ్‌కు పోయేవాళ్లకు కూడా ఒకప్పుడు బొంబాయే వాకిలి.

నిజామాబాద్ దగ్గర జక్రాన్‌పల్లి విమానాశ్రయం ఏళ్లుగా కాగితాల మీదే ఉంది. దాని గురించి మాట్లాడినప్పుడల్లా హైదరాబాద్‌తో అనుసంధానం అంటారు. తిన్నగా దాదాపు 160 కిలోమీటర్ల దూరానికి విమానమెక్కేది ఎవరు? 2017 ఏప్రిల్ 27న ఉడాన్ ప్రాంతీయ విమాన పథకం తొలి విమానాల్లోనూ ఇలా హైదరాబాద్‌తో కలిపేవే, కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ ఉన్నాయి. ఆ పథకంలో మొదలైన 371 మార్గాల్లో మూడేళ్ల రాయితీ గడువు దాకా నడిచినవి 112 మాత్రమేనని, గడువు తర్వాతా 2023 మార్చి నాటికి నిలిచినవి 54 అని కాగ్ తేల్చింది. ఎక్కడ రన్‌వే ఉందో చూసి మార్గం వేస్తే ఇలాగే అవుతుంది. జనం ఎటు పోతున్నారో ముందు చూడాలి.

విమానం ఎవరెక్కుతారని అడిగే అధికారులు ఒక పని చేయాలి. జగిత్యాల, కోరుట్ల, నిజామాబాద్‌ల నుంచి ముంబై, భివండీలకు పోయే రాత్రి బస్సుల్లో సీట్లు లెక్కపెట్టాలి. ఆ బస్సులెక్కేవాళ్లంతా విమానమెక్కరు, నిజమే. డెబ్బై సీట్ల ఏటీఆర్ నిండడానికి వాళ్లలో కొందరు చాలు.

ముంబై వైపు దారి కొంత సుగమమైంది. 2025 అక్టోబరు నుంచి మెట్రో మూడో లైను కామాటిపురా పక్కనున్న గ్రాంట్ రోడ్ నుంచి విమానాశ్రయం దాకా నడుస్తోంది. చిక్కంతా పాత విమానాశ్రయంలో చోటు దొరకడమే. అక్కడి రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి కాబట్టి రెంటినీ ఒకేసారి వాడలేరు. చిన్న విమానానికి స్లాట్ ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు. కొత్తగా తెరిచిన నవీ ముంబై విమానాశ్రయంలో ఆ ఇరుకు ఇంకా లేదు. తెలంగాణ ప్రభుత్వం అక్కడ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి స్లాట్లు జక్రాన్‌పల్లి పేరు మీద ఇప్పుడే అడగాలి.