ఆడపిల్లలకి లెక్కలు రావని ఎవరన్నారు?

మొన్న పేరెంట్స్ మీటింగులో మా పాప లెక్కల సారు, "ఆడపిల్లలు కదండీ, సూత్రాలు బట్టీ పట్టేస్తే పాసైపోతారు" అన్నారు. ఒళ్ళు మండింది. పదో తరగతిలో నాకూ ఇదే మాట చెప్పారు. నమ్మాను. ఇంటర్లో లెక్కల జోలికే పోలేదు.

ఇంటికొచ్చి పాపని వాకిట్లో కూర్చోబెట్టాను. మధ్య వరసలో 7 చుక్కలు, అటూ ఇటూ 5, 3, 1. "పైనుంచి మధ్య వరస దాకా కూడుతూ రా" అన్నాను. 1, 4, 9, 16. "అమ్మా, అన్నీ వర్గాలే!" అంది. శ్రేఢుల పాఠంలో అర్థం కాకుండా బట్టీ పట్టింది అదే. ముగ్గు మొత్తం 25 చుక్కలు. ఏటవాలుగా చూస్తే నాలుగు వరసల్లో నాలుగేసి, వాటి సందుల్లో మూడు వరసల్లో మూడేసి. 16, 9. అది నేను చెప్పలేదు, తనే కనిపెట్టింది.

గుప్పెడు ముగ్గుపిండి, బడి ఆవరణలో ఒక్క పీరియడ్. ఇదేమన్నా పెద్ద ఖర్చా? సిలబస్ అవ్వదంటారు. అర్థం కాకుండా అయిపోయిన సిలబస్ ఎవరికండీ?

మనమూ పిల్లల ముందు "నాకూ లెక్కలు వచ్చేవి కాదమ్మా" అనడం మానేద్దాం. పొద్దున్నే వాకిట్లో మనం పెట్టేవి లెక్కలే.