అటక ఎక్కే ఉద్యోగం

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు మొదట చూసేది సింహద్వారం ఎటువైపుందని. ఆ తర్వాత వంటగది ఆగ్నేయంలో ఉందా, ఈశాన్యం తగ్గిందా అని. పైకప్పు ఎన్నేళ్ళ నాటిదో, బేస్‌మెంట్లోకి నీళ్ళు వస్తాయేమో చూసే పని హోమ్ ఇన్‌స్పెక్టరుకు వదిలేస్తాం. ఆ ఇన్‌స్పెక్టరు మనవాడే ఎందుకు కాకూడదు? యాభై దాటాక కంప్యూటర్ ఉద్యోగం పోయినప్పుడు నేను వేసుకున్న ప్రశ్న ఇది.

"ఇంజనీరింగ్ చదివి అటకలెక్కుతావట్రా?" అని మా అన్నయ్య ఇండియా నుంచి ఫోన్లో నవ్వాడు. నిజమే, ఎక్కాలి. ఇంటి కింద పాకాలి కూడా.

అమెరికాలో ఈ వృత్తికి అన్ని రాష్ట్రాల్లో ఒకే రూలు లేదు. కాలిఫోర్నియా, జార్జియాల్లో రాష్ట్ర లైసెన్సే లేదు. న్యూయార్క్‌లో 140 గంటల శిక్షణ కావాలి. మా న్యూజెర్సీలో 180 గంటలు. అందులో కనీసం 40 గంటలు లైసెన్సున్న ఇన్‌స్పెక్టరు వెంట జీతం లేకుండా ఇళ్ళు తిరగాలి. ఆ తర్వాత నేషనల్ హోమ్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష: నాలుగు గంటలు, 200 ప్రశ్నలు. పాసయ్యాక, మన పొరపాటు వల్ల కొన్నవాళ్ళు నష్టపోతే ఆదుకునేలా 5 లక్షల డాలర్ల ఇన్సూరెన్సు చూపించాలి. ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, హైస్కూలు చదువు చాలు. హెచ్-1బి మీద ఉన్నవారు మాత్రం దీన్ని పక్క సంపాదనగా పెట్టుకోకూడదు. గ్రీన్‌కార్డో, సొంతంగా పనిచేసుకునే అనుమతో ఉండాలి.

పరీక్షకన్నా నాకు ఎక్కువ నేర్పింది ఆ 40 గంటలే. ఒక ఇంట్లో అటక దిగి "అంతా బాగానే ఉంది" అన్నాను. మా గురువుగారు నన్ను మళ్ళీ పైకి తీసుకెళ్ళి టార్చి వేశారు. బాత్రూమ్ ఫ్యాను గొట్టం బయటికి వెళ్ళకుండా అటకలోనే ఆగిపోయింది. ఆ ఆవిరికి కప్పు చెక్క నల్లబడింది. నా కళ్ళముందే ఉంది, నాకు కనిపించలేదు!

లైసెన్సు వచ్చిన ఏడాది ఒక తెలుగు కుటుంబం కొనబోయే ఇల్లు చూశాను. వాటర్ హీటర్ పొగగొట్టం అతుకు దగ్గర ఊడి ఉంది. గ్యాసు మండిన పొగ బయటికి పోకుండా బేస్‌మెంట్లోకే వస్తోంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, కానీ ప్రాణాలు తీస్తుంది. సరిగ్గా ఆ పైనే పిల్లల పడకగది అనుకున్నారు.

ఆ అబ్బాయి నన్ను పక్కకు పిలిచాడు. "అంకుల్, గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాం, అమ్మావాళ్ళకు టికెట్లు కూడా కొన్నాం. ఈ ఇంటికి ఇంకో ఇద్దరు పోటీలో ఉన్నారు. రిపోర్టులో కాస్త తేలిగ్గా రాయండి" అన్నాడు. నాకూ పనులు కావాలి, మన కుర్రాడు కూడా. ఒక్క క్షణం మనసు ఊగింది.

"బాబూ, నేను తేలిగ్గా రాస్తే గ్యాసు తేలికవుతుందా?" అన్నాను. ఫోటోలతో సహా ఉన్నది ఉన్నట్టు రాశాను. అమ్మేవాళ్ళు ప్లంబరును పిలిచి బాగు చేయించారు. అనుకున్న ముహూర్తానికే పాలు పొంగాయి, నన్నూ భోజనానికి పిలిచారు. ఆ పని ఇప్పించిన ఏజెంటు మాత్రం మళ్ళీ నాకు ఫోన్ చేయలేదు.

ఈ వృత్తిలోకి రావాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది ఇదే. పనులు ఎక్కువగా ఏజెంట్ల ద్వారా వస్తాయి, మన బాధ్యత మాత్రం ఫీజు ఇచ్చిన కొనుగోలుదారుకే. తాను చూసిన ఇంటికి ఏడాది వరకు డబ్బు తీసుకుని రిపేరు పని చేయకూడదని ఇన్‌స్పెక్టర్ల సంఘం 'ఆషి' నియమావళి చెబుతుంది. పని పెరగాలని తప్పులు వెతికాడన్న అనుమానానికి తావుండకూడదు కదా.

పిల్లలూ, ఈ ఆదివారం మీరే ఇన్‌స్పెక్టర్లు. మీ ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎక్కడుందో వెతకండి. నాన్ననో అమ్మనో పిలిచి టెస్ట్ బటన్ నొక్కమనండి. మోగకపోతే, లేదా అసలు అలారమే లేకపోతే, మీ మొదటి రిపోర్టు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. తేలిగ్గా మాత్రం రాయకండి!