సరిహద్దు దాటిన బండికీ బీమా అందాలి
(సొంత వాహనాలపై నేపాల్, భూటాన్ వెళ్ళే తెలుగు రాష్ట్రాల వాహన యజమానుల వినతిపత్రం)

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి,
భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ),
హైదరాబాద్.

ప్రతులు: కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖకు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా కమిషనర్లకు.

విషయం: విదేశానికి తీసుకెళ్ళే సొంత వాహనాలకు మోటారు బీమా పరిధి పొడిగింపును సులభంగా అందించడం, అక్కడ ప్రమాదం జరిగితే క్లెయిమును సకాలంలో పరిష్కరించడం గురించి.

అయ్యా,

పశుపతినాథ్, ముక్తినాథ్ దర్శనానికి సొంత కారులో బయలుదేరే కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి చేరితే అవతల నేపాలే. అక్కడికి వెళ్ళడానికి మనకు వీసా అక్కర్లేదు. మన డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుంది. భన్సార్ అని పిలిచే వారి కస్టమ్స్ కార్యాలయంలో ఆర్సీ చూపించి, ఉండబోయే రోజులను బట్టి రుసుం కడితే బండికి అనుమతి చీటీ చేతికొస్తుంది. ఇవన్నీ చెల్లినప్పుడు బీమా కూడా చెల్లుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ అది దానంతటది చెల్లదు.

పాలసీ కాగితం తీసి చూస్తే ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఐడీవీ (బండి బీమా విలువ) ఉన్న పేజీలోనే ఎక్కడో ఒక గడిలో ‘భౌగోళిక పరిధి: ఇండియా’ అని ఉంటుంది. నిబంధనల్లోని సాధారణ మినహాయింపులు ఆ పరిధి బయట జరిగిన నష్టానికీ, తలెత్తిన బాధ్యతకూ కంపెనీ పూచీ లేదంటాయి. అంటే సునౌలి గేటు దాటగానే, వేలకు వేలు ప్రీమియం కట్టిన కారు బీమా లేని కారవుతుంది.

దీనికి మందు లేక కాదు. 2002 జూలై 1 నుంచి అమలైన ఇండియా మోటార్ టారిఫ్‌లోనే ఆ వెసులుబాటు ఉంది. బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులకు పాలసీ పరిధిని 12 నెలలకు మించకుండా పొడిగించవచ్చని అది చెప్పింది. ప్యాకేజీ పాలసీకి అదనంగా 500 రూపాయలు, థర్డ్ పార్టీ పాలసీకి 100 రూపాయలు అని అప్పట్లో రేటు కూడా పెట్టింది. బీమా రంగంలో దీన్ని ‘ఐఎంటీ 1’ ఎండార్స్‌మెంట్ అంటారు.

ఈ రక్షణ కొనేవాడి దాకా రావడం లేదన్నదే మా బాధ. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు జీరో డిప్రిసియేషన్, ఇంజిన్ ప్రొటెక్షన్, తాళంచెవుల కవర్ వరుసగా కళ్ళముందుకొస్తాయి. పరిధి పొడిగింపు మాత్రం మాకు ఆ వరుసలో కనిపించలేదు. మాలో ఒకరు తమ ఏజెంటును అడిగితే, ‘‘నేపాల్ అంటే మన పక్కిల్లే కదండీ, ఏమీ అక్కర్లేదు, వెళ్ళిరండి’’ అన్నాడు. కంపెనీ బ్రాంచికి వెళ్ళితే కాల్ సెంటర్‌కు ఫోన్ చేయమన్నారు. కాల్ సెంటర్‌వారు బ్రాంచిలోనే అడగమన్నారు. చివరికి ప్రయాణం తేదీ వచ్చింది గానీ ఎండార్స్‌మెంట్ రాలేదు.

నేపాల్ కొండదారులు తేలికైనవి కావు. 2024 జూలైలో నారాయణఘాట్–ముగ్లింగ్ రహదారిపై కొండచరియలు విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. మరుసటి నెలలోనే తనహున్ జిల్లాలో మహారాష్ట్ర యాత్రికులతో వెళ్తున్న ఉత్తరప్రదేశ్ బస్సు మర్స్యాంగ్డి నదిలో పడి 25 మందికి పైగా మరణించారు. మన కార్లు వెళ్ళేదీ ఆ దారులనే. అక్కడ మన బండి తగిలి ఎవరైనా గాయపడితే ఆ కుటుంబానికి పరిహారం ఎవరివ్వాలి? మన మోటారు వాహనాల చట్టం 1988లోని 146వ సెక్షన్ థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదన్నది దెబ్బ తగిలినవాడిని కాపాడడానికే. సరిహద్దు అవతలి మనిషికి తగిలిన దెబ్బ కూడా దెబ్బే.

మిగతా ప్రపంచం ఈ చిక్కును ఏనాడో విప్పింది. సొంత దేశంలో తీసుకున్న థర్డ్ పార్టీ బీమా పొరుగు దేశంలోనూ చెల్లేలా చేసే గ్రీన్ కార్డు విధానం ఐరోపాలో 1953లో మొదలైంది. అదే తరహాలో అరబ్ దేశాలకు ఆరెంజ్ కార్డు, పశ్చిమ ఆఫ్రికాకు బ్రౌన్ కార్డు ఉన్నాయి. గల్ఫ్‌లో ఉంటున్న మన కరీంనగర్, నిజామాబాద్, కడప వాళ్ళు ఎమిరేట్స్ నుంచి ఒమన్‌కు కారులో వెళ్ళాలంటే ముందు ఆరెంజ్ కార్డు సంగతి చూసుకుంటారు. అక్కడ అందరికీ తెలిసిన ఆ జాగ్రత్త, ఇంటి దగ్గర నుంచి నేపాల్ వెళ్ళేవారికి తెలియడం లేదు. భారత్, భూటాన్, బంగ్లాదేశ్, నేపాల్ 2015 జూన్ 15న థింపూలో మోటారు వాహనాల ఒప్పందంపై సంతకాలు చేశాయి. వ్యక్తిగత వాహనాలు కూడా అందులో ఉన్నాయి. భూటాన్ ఆమోదం లేక అది నాలుగు దేశాల్లోనూ అమలు కాలేదు. ఒప్పందం పట్టాలెక్కేదాకా ఆగకుండా, మీ చేతిలో ఉన్నంతవరకు ఇప్పుడే చేయవచ్చు.

కాబట్టి ఈ కింది డిమాండ్లను పరిశీలించి తగిన ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాం.

1. పాలసీ కొనేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు ప్రతి కంపెనీ వెబ్‌సైటులోనూ యాప్‌లోనూ మిగతా యాడ్ ఆన్‌లతో పాటు ‘విదేశీ పరిధి పొడిగింపు’ కూడా తప్పనిసరిగా కనిపించాలి. పాలసీ నడుస్తుండగా మధ్యలో అడిగినా ఇవ్వాలి. దరఖాస్తు అందిన రెండు పనిదినాల్లో ఎండార్స్‌మెంట్ చేతికి రావాలి. ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

2. ఓన్ డ్యామేజీ (సొంత బండికి జరిగే నష్టం) రేట్లపై టారిఫ్ నియంత్రణ 2007 నుంచి లేదు. అందువల్ల ఏ కంపెనీ ఈ పొడిగింపుకు ఎంత తీసుకుంటుందో అందరికీ కనిపించేలా ప్రకటించాలి. వారం, పది రోజుల ప్రయాణానికి తగిన రేటు కూడా ఉండాలి.

3. పొడిగింపు వేటికి వర్తిస్తుందో ఒక్క పేజీలో తేల్చి రాయాలి. ఓన్ డ్యామేజీ, థర్డ్ పార్టీ, 15 లక్షల రూపాయల యజమాని–డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా, యాడ్ ఆన్‌లు, టోయింగ్ ఒక్కొక్కదాని ఎదుట ‘ఉంది’, ‘లేదు’ అని ఉండాలి. ఓడలోనో విమానంలోనో బండిని తరలించేటప్పుడు జరిగే నష్టానికి పూచీ లేదన్న షరతును పెద్ద అక్షరాల్లో వేయాలి. ఈ పేజీ తెలుగులోనూ ఇవ్వాలి.

4. అక్కడి పోలీసులకు, భన్సార్ సిబ్బందికి చూపించడానికి వాహనం నంబరు, తేదీలు, థర్డ్ పార్టీ పూచీ, సంప్రదించాల్సిన నంబరు ఉన్న ధ్రువపత్రం ఇంగ్లిష్‌తో పాటు నేపాల్‌కు నేపాలీలో, భూటాన్‌కు జోంఖాలో ఇవ్వాలి.

5. నిర్ణీత మొత్తం దాటిన నష్టాన్ని లైసెన్సు ఉన్న సర్వేయరు మదింపు చేయాలని బీమా చట్టం 64యూఎం సెక్షన్ చెబుతోంది. పోఖరాలో నుజ్జయిన కారు దగ్గరికి ఇక్కడి సర్వేయరు ఎప్పుడు చేరుకుంటాడు? వీడియో సర్వేకు అనుమతినిచ్చి, దానికి గడువు పెట్టాలి. నేపాలీలో ఉన్న పోలీసు నివేదిక, గ్యారేజీ బిల్లుల అనువాద ఖర్చు కంపెనీయే భరించాలి. అక్కడ బాగుచేయలేని బండిని సరిహద్దు దాకా తెచ్చే ఏర్పాటు చేయాలి.

6. అవతల థర్డ్ పార్టీ ప్రమాదం జరిగి బండినో డ్రైవరునో పోలీసులు ఆపితే, కంపెనీ తరఫున మాట్లాడే స్థానిక ప్రతినిధి ఉండాలి. భాష రాని చోట, చేతిలో డబ్బుల్లేని వేళ కుటుంబాన్ని ఒంటరిగా వదలకూడదు.

7. పరిధి పొడిగింపు గురించి చెప్పకుండా, లేదా తప్పుగా చెప్పి పాలసీ అమ్మిన ఏజెంట్లు, బ్రోకర్లపై వచ్చే ఫిర్యాదులను ప్రత్యేకంగా నమోదు చేసి చర్య తీసుకోవాలి.

8. కేంద్ర రోడ్డు రవాణా శాఖ పొరుగు దేశాలతో మాట్లాడి, గ్రీన్ కార్డు తరహాలో అందరూ ఒప్పుకునే ఒకే బీమా కార్డుకు బాట వేయాలి. అది వచ్చేలోగా సునౌలి, రక్సౌల్, జయ్‌గావ్ వంటి సరిహద్దు కేంద్రాల్లో ‘మీ పాలసీ అవతల చెల్లుతుందా?’ అని అడిగే బోర్డులు పెట్టించాలి. రెండు రాష్ట్రాల రవాణా శాఖలు తమ కార్యాలయాల్లో ఇదే సమాచారం ప్రదర్శించాలి.

మేము ఉచితంగా ఏదీ అడగడం లేదు. న్యాయమైన ప్రీమియం కట్టడానికి సిద్ధంగా ఉన్నాం. నిబంధనల్లో రెండు దశాబ్దాలుగా ఉన్న సౌకర్యాన్ని కౌంటరు మీదికి తెమ్మంటున్నాం, అంతే. మీ సంస్థ ప్రధాన కార్యాలయం మా హైదరాబాద్‌లోనే ఉంది. పిలిస్తే మా పాలసీ కాగితాలు, కంపెనీలతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు తెచ్చి మీ ముందుంచుతాం. మొదటి మూడు డిమాండ్లకు చట్ట సవరణలు అక్కర్లేదు, మీ సంస్థ నుంచి ఒక్క సర్క్యులర్ చాలు. వచ్చే యాత్రా కాలం మొదలయ్యేలోగా దాన్ని జారీ చేయాలనీ, మిగతా వాటిపై చర్చకు మమ్మల్ని పిలవాలనీ విజ్ఞప్తి చేస్తున్నాం.

ఇట్లు,
సొంత వాహనాలపై నేపాల్, భూటాన్ వెళ్ళే
తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాహన యజమానులు