తాడు ఇవతలే నిలబడదాం

సమ్మర్ క్యాంప్ కరపత్రాల్లో స్విమ్మింగ్, చెస్ పక్కన ఇప్పుడు గుర్రపు స్వారీ కూడా కనిపిస్తోంది. హైదరాబాద్ శివార్లలో నేర్పే చోట్లు ఉన్నాయి. మీ అమ్మాయినో అబ్బాయినో చేర్పించాలా వద్దా అన్నది ఖర్చు, దూరం, వాళ్ల ఇష్టం చూసుకుని మీరే తేల్చుకోవాలి. నేను చెప్పదలచుకున్నది వేరే విషయం. పిల్లలు పోనీల మీద పాల్గొనే క్రాస్ కంట్రీ పోటీల్లో పెద్దలకు ఒక నియమం ఉంది. ఎప్పుడూ గుర్రం ఎక్కని పిల్లల తల్లిదండ్రులకు కూడా అది పనికొస్తుందని నా అభిప్రాయం.

ముందు ఈ పోటీ సంగతి చూద్దాం. అంతర్జాతీయ లెక్క ప్రకారం నాడాలు లేకుండా మూపు దగ్గర 148 సెంటీమీటర్లకు మించని గుర్రం పోనీ. బ్రిటన్‌లో 1929లో మొదలైన పోనీ క్లబ్ పిల్లలకు స్వారీతో పాటు గుర్రం ఆలనాపాలనా కూడా నేర్పుతుంది. యూరప్ పోనీ చాంపియన్‌షిప్‌లో 12 నుంచి 16 ఏళ్ల వాళ్లు పోటీ పడతారు. మైదానం నున్నగా ఉండదు. దుంగలు, గుంటలు, నీటి మడుగులు, మట్టి గట్లు ఉంటాయి. ప్రతి అడ్డంకికీ కుడివైపు ఎర్ర జెండా, ఎడమవైపు తెల్ల జెండా. ఆ రెండింటి మధ్య నుంచే దూకాలి. పోనీ దూకకుండా ఆగిపోతే మొదటిసారి 20 పెనాల్టీ పాయింట్లు. అదే అడ్డంకి దగ్గర మూడోసారి ఆగితే పోటీ నుంచి అవుట్.

ఇది ఎవరు ముందొస్తే వాళ్లు గెలిచే రేసు కాదు. దూరాన్ని బట్టి ఒక సమయం నిర్ణయిస్తారు. అది దాటితే సెకనుకు 0.4 చొప్పున పెనాల్టీ. అమెరికాలో ప్రారంభ స్థాయి పోటీల్లో మరీ తొందరగా వచ్చేసినా పెనాల్టీ పడుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరుకు చెందిన ఫవాద్ మీర్జా క్రాస్ కంట్రీలో ఒక్క అడ్డంకి దగ్గర కూడా పాయింట్లు పోగొట్టుకోలేదు. 28 సెకన్ల ఆలస్యానికి మాత్రం 11.20 పాయింట్లు పడ్డాయి. దూకుడు ఎంత అవసరమో, నిదానం కూడా అంతే అవసరమైన ఆట ఇది.

ఇక ఆ నియమం. పోటీకి ముందు పిల్లలు దారి మొత్తం కాలినడకన తిరిగి చూసుకుంటారు. అప్పుడు కోచ్ పక్కన ఉండొచ్చు. ఇక్కడ నేల జారుతుంది, ఇక్కడ వేగం తగ్గించు, మలుపు తిరగ్గానే నీళ్లున్నాయి అని ఎన్నయినా చెప్పొచ్చు. పోనీ స్టార్ట్ బాక్స్ దాటాక మాత్రం బయటివాళ్ల సహాయం నిషిద్ధం. అడ్డంకి దగ్గర నిలబడి దారి చెప్పినా, సైగ చేసినా అది నియమాన్ని మీరడమే. దాని ఫలితంగా బిడ్డే పోటీ నుంచి బయటికి పోవచ్చు. అందుకే తల్లిదండ్రులు తాడు ఇవతల నిలబడి చూస్తుంటారు.

ఇంత ప్రమాదమున్న ఆటలో పిల్లల్ని ఒంటరిగా వదిలేస్తారా అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. ప్రమాదం నిజంగానే ఉంది, అందుకే హెల్మెట్, ఛాతీకి రక్షణ కవచం లేకుండా మైదానంలోకి పంపరు. అడ్డంకుల దగ్గర జడ్జీలు ఉంటారు. వైద్య సహాయం సిద్ధంగా ఉంటుంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం కింద పడినవాళ్లు మళ్లీ ఎక్కి కొనసాగడానికి వీల్లేదు. అంటే భద్రత బాధ్యత పెద్దలదే. పోనీ ఆగిపోయినప్పుడు మళ్లీ ప్రయత్నించాలా, ఈ రోజుకి చాలనుకుని విరమించుకోవాలా అన్న నిర్ణయం మాత్రం పిల్లలది. ఈ రెండు బాధ్యతల్నీ కలగాపులగం చేయకపోవడమే ఆ నియమంలోని గొప్పదనం.

మనం చేసేది చాలాసార్లు దీనికి తలకిందులు. ముందు పక్కన కూర్చోవడానికి తీరిక ఉండదు. తీరా రోజొచ్చాక పగ్గాలు మన చేతుల్లోకి తీసుకుంటాం. సైన్స్ ప్రాజెక్ట్ థర్మాకోల్ నాన్నగారు కోస్తారు, చార్టు అమ్మ రాస్తుంది. స్పోర్ట్స్ డే రోజు లైను పక్కన పరుగెడుతూ అరుస్తాం. పేరెంట్స్ మీటింగ్‌లో "లెక్కల్లో ఎందుకు తగ్గావు?" అని టీచర్ పిల్లాణ్ణి అడిగితే జవాబు మన నోట్లోంచి వస్తుంది. మార్కులు రావచ్చు, కప్పూ రావచ్చు. కానీ రేపు హాస్టల్‌లోనో, ఎంట్రన్స్ పరీక్ష హాల్లోనో రాని ప్రశ్న ఎదురైనప్పుడు, అక్కడ ఉండాలా, వదిలేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లాలా అని తేల్చుకునే అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

సాయం మానేయమని నేను అనడం లేదు. సాయం చేసే వేళ మార్చుకుందామంటున్నాను. ఈ టర్మ్‌లో మూడు పనులు చేసి చూద్దాం. ప్రాజెక్ట్ ఇచ్చిన రోజే అరగంట పక్కన కూర్చుని ఏం కావాలో, ఎక్కడ కష్టమో మాట్లాడండి. కత్తెర పట్టుకోవడంలో ప్రమాదముంటే దగ్గరుండండి, తయారీ మాత్రం వాళ్లకే వదిలేయండి. వంకరగా వచ్చినా అలాగే పంపండి, వంకర ప్రాజెక్టుకు టీచర్లు మార్కులు కోయకుండా చూడాల్సిన బాధ్యత స్కూలుది. పేరెంట్స్ మీటింగ్‌లో పిల్లలను అడిగిన ప్రశ్నకు వాళ్లు నోరు విప్పేదాకా ఆగండి.

ఇంకొకటి కూడా ఆ పోటీల నుంచే నేర్చుకోవచ్చు. పరుగు ముగిశాక గెలిచారా ఓడారా అన్నది తర్వాతి మాట. ముందు జీను వదులు చేయాలి, పోనీకి నీళ్లు పోసి చల్లబరచాలి, ఊపిరి కుదుటపడేదాకా నడిపించాలి. మన పిల్లలు పరీక్ష రాసి గేటు దాటి వచ్చినప్పుడు కూడా "ఎన్ని వస్తాయి?" అనడానికి ముందు మంచినీళ్ల సీసా అందిద్దాం.

ఈసారి స్పోర్ట్స్ డేకి ట్రాక్ పక్కన ఒక తాడు కట్టమని స్కూలును కోరుతున్నాను. చప్పట్లు ఎంత గట్టిగా కొట్టినా ఫరవాలేదు. సలహాలు మాత్రం ముందు రోజు సాయంత్రానికే అయిపోవాలి.