విజ్ఞాన సర్వస్వంలో స్త్రీలకూ మన భాషలకూ చోటు

విజ్ఞానం పంచుకొన్నకొద్దీ పెరుగుతుందని పెద్దలు చెబుతారు. ఆ మాటలో సత్యం ఉన్నది. అయితే పంచేవారెవరు, ఏ భాషలో పంచుతున్నారు, ఎవరి చరిత్రలను పంచుతున్నారు అన్న ప్రశ్నలను కూడా విద్యావంతులు వేసుకోవలసి ఉన్నది. ఆ ప్రశ్నలను మన విద్యార్థినీ విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచాము.

స్వచ్ఛందంగా పదిమంది కలిసి నిర్మించిన విజ్ఞాన సర్వస్వాలలో వికీపీడియాను మించినది నేడు లేదు. 2001 జనవరి 15న ఆంగ్లంలో ఆరంభమై, ఇప్పుడది మూడు వందలకు పైగా భాషలలో నడుస్తున్నది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులోనూ, ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలోనూ పుట్టాయి. వ్రాసేవారికి జీతాలు లేవు. ఎవరైనా వ్రాయవచ్చు, ఒకరు వ్రాసినదానిని మరొకరు దిద్దవచ్చు. ఇంత ఉదారమైన ఏర్పాటులో కూడా ఆంగ్ల వ్యాసాలు 70 లక్షలకు చేరగా, ఉర్దూలో 2 లక్షల పైచిలుకు, తెలుగులో లక్ష పైచిలుకు మాత్రమే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైన, ఉర్దూ మాతృభాషగా గలవారు 5 కోట్లకు పైన. ఇంత జనానికి ఆ వ్యాసాలు ఏ మూలకు?

స్త్రీల సంగతి ఇంకా విచారకరం. 2010లో వెలువడిన ఒక అంతర్జాతీయ సర్వే నివేదిక ప్రకారం వికీపీడియా రచయితలలో స్త్రీలు నూటికి 13 మంది కూడా లేరు. 2015 నాటికి ఆ సంఖ్యను 25కు పెంచాలని దాని నిర్వాహక సంస్థ సంకల్పించింది, సంకల్పం నెరవేరలేదు. వ్రాసేవారిలో స్త్రీలు తక్కువైతే వ్రాయబడేవారిలోనూ తక్కువే అవుతారు. 2018లో డొన్నా స్ట్రిక్‌లాండ్‌కు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించిన నాటికి ఆంగ్ల వికీపీడియాలో ఆమెపై వ్యాసమే లేదు. కొన్ని నెలల క్రితం ఎవరో ఒకటి వ్రాసి పంపితే, ఆమె ప్రాముఖ్యానికి తగిన ఆధారాలు చూపలేదని తిరస్కరించారు. ఆ శాస్త్రంలో నోబెల్ పొందిన మూడవ మహిళ గతి అది అయినప్పుడు, మన జిల్లాలో బాలికల బడి పెట్టిన ఒక పంతులమ్మ గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

దీనికి వికీపీడియా నియమాన్ని నిందించి ప్రయోజనం లేదు. అచ్చయిన ఆధారం లేనిదే ఏ మాటా వ్రాయరాదన్న నియమం లేకపోతే అది పుకార్ల పుట్టగా మారుతుంది. అయితే అచ్చులోనే స్త్రీలకు చోటు దక్కకపోతే ఆ లోటు అక్కడ నుంచి వికీపీడియాలోకి యథాతథంగా దిగుతుంది. కనుక పని రెండు చోట్ల జరగాలి. అచ్చులోనూ జరగాలి, వికీపీడియాలోనూ జరగాలి.

ఈ పనికి మన గడ్డ మీద గొప్ప పూర్వరంగం ఉన్నది. తెలుగులో ఆధునిక విజ్ఞాన సర్వస్వానికి శ్రీకారం చుట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు మూడు సంపుటాలలోనూ అకారం దాటకుండానే 1923లో కన్నుమూశారని తెలుగు విద్యార్థులకు తెలుసు. ఆయన అక్కగారు భండారు అచ్చమాంబ అన్న సంగతి తెలిసినవారు కొద్దిమంది. తమ్ముని చదువు ఆసరాగా తానూ చదువుకొని, స్త్రీల జీవితాలను సేకరించి ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాశారు. 1905లో, చిన్న వయస్సులోనే మరణించారు. అంటే తమ్ముని విజ్ఞాన సర్వస్వం వెలువడకముందే అక్క స్త్రీల చరిత్రకోశానికి పూనుకొన్నారన్నమాట.

ఉర్దూ వైపు చూచినా ఇటువంటి కృషి కనబడుతుంది. శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా ఏర్పడింది. మరుసటి సంవత్సరం ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది. ఆధునిక శాస్త్రాలను బోధించడానికి దేశభాష చాలునని అది నిరూపించింది. అదే నగరంలో సుగ్రా హుమాయూన్ మీర్జా ఉర్దూలో స్త్రీల పత్రిక నడిపారు, బాలికల కోసం సఫ్దరియా పాఠశాల స్థాపించారు. మాసూమా బేగం 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో చేరారు. వీరిని గురించి ఉర్దూలో ఉన్నది తెలుగు చదువరికి అందదు. అచ్చమాంబను గురించి తెలుగులో ఉన్నది ఉర్దూ చదువరికి అందదు. ఒకే ఊరిలో, ఒకే వీధిలో ఉంటూ మనం ఒకరి అక్కలను ఒకరం ఎరుగము.

తెలుగు వికీపీడియాలో అందరూ కూడి చర్చించే పుటకు 'రచ్చబండ' అని పేరు. ఉర్దూలో అటువంటి పుటకు 'దీవానె ఆమ్' అని పేరు. రెండూ అందమైన పేర్లే. అయితే మన పల్లె రచ్చబండ మీద ఏ నాడైనా ఆడవారు కూర్చొని తీర్పు చెప్పారా? పేరుకు సర్వజనులదైన పాదుషాల దీవానె ఆమ్‌లో ఎందరు స్త్రీలు నోరు విప్పారు? పేర్లతో పాటు ఆ పాత అలవాట్లు కూడా కొత్త చావడిలోకి రాకుండా చూచుకోవలసిన బాధ్యత నేటి తరానిది.

తెలుగు వ్యాకరణం చదివినవారికి ఇక్కడ ఒక విషయం స్ఫురించక మానదు. అతడు వ్రాశాడు అంటాము. ఆమె వ్రాసింది అంటాము. ఆవు వచ్చింది అని కూడా అంటాము. ఏకవచనంలో స్త్రీకి అమహత్తుతో పొత్తు. బహువచనంలో మాత్రమే ఆమె మహత్తు సరసన చేరుతుంది. గౌరవవాచకాలు విడిచి ఏకవచనంలో వ్రాయడం తెలుగు వికీపీడియా పద్ధతి కనుక ఈ భేదం అక్కడ ప్రతి వ్యాసంలోనూ కొట్టవచ్చినట్లు కనబడుతుంది. ఉర్దూలో 'వో లిఖ్తీ హైఁ' అన్నప్పుడు స్త్రీత్వమూ నిలుస్తుంది, గౌరవమూ నిలుస్తుంది. ఏది మేలని తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. ఒక భాషలోని సౌలభ్యాన్ని చూస్తేనే మరొక భాషలోని లోటు తెలుస్తుంది. బహుభాషలు వర్ధిల్లాలని మేము కోరడానికి ఇదీ ఒక కారణం.

వ్రాసేవాడు పురుషుడైతేనేమి, స్త్రీ అయితేనేమి, విషయం సరిగా ఉంటే చాలదా అని కొందరు మిత్రులు వాదిస్తారు. వ్రాసిన విషయం సరిగా ఉండవచ్చు; వ్రాయకుండా వదిలిన విషయం మాటేమిటి? పురుటి గది, వంటిల్లు, అద్దకం, కుట్టుపని, పెండ్లిపాటలు – వీటిలోనూ శతాబ్దాల విజ్ఞానం ఉన్నది. తెలిసినవారు వ్రాయకపోతే అది వారితోనే మట్టిలో కలుస్తుంది. పైగా నేడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పే యంత్రాలు ఇటువంటి వ్రాతలను చదివే భాష నేర్చుకొంటున్నాయి. ఈనాడు మనం వ్రాయనిది రేపు ఆ యంత్రాలకూ తెలియదు.

ఆడపిల్లల పేర్లు నలుగురిలో పడతాయని తల్లిదండ్రులు సంకోచించడం సహజమే. ఆ సంకోచాన్ని మేము పరిహసించము. వికీపీడియాలో సొంతపేరు, ఛాయాచిత్రం, చిరునామా ఇవ్వనవసరం లేదు, కలంపేరుతో వ్రాయవచ్చు. అక్కడ సభ్యులను పిలిచే 'వాడుకరి' అన్న మాట కూడా ఆడామగా భేదం లేనిదే. ఎవరైనా పరుషంగా మాట్లాడితే నిర్వాహకులకు ఫిర్యాదు చేసే వీలున్నది.

ఇక మన కళాశాల చేయగలిగినవి మూడు పనులు ఉన్నాయి. మొదటిది: కంప్యూటర్ గది తరగతులు ముగిసిన తర్వాతనే ఖాళీ అవుతున్నది, అప్పటికి విద్యార్థినులలో చాలామంది బస్సు ఎక్కి ఇంటి దారి పడుతున్నారు. వారంలో ఒక్క గంట మధ్యాహ్న వేళ వారికి కేటాయించవలసిందిగా కమిటీవారిని కోరుతున్నాము. ఇందుకు ఖర్చు లేదు. సమయపట్టికలో ఒక గడి మారితే చాలు. రెండవది: ఉర్దూ చదివే విద్యార్థిని, తెలుగు చదివే విద్యార్థిని జంటగా కూర్చొని, ఒక మహిళ జీవితాన్ని గ్రంథాలయంలోని పుస్తకాల ఆధారంతో రెండు లిపులలోనూ వ్రాయాలి. పుస్తకంలోని వాక్యాలను ఎత్తి వ్రాయరాదు. విషయాన్ని గ్రహించి సొంత మాటలలో చెప్పి, ఏ పుస్తకం, ఏ పుట అన్నది సూచించాలి. పరీక్షలకు కంఠస్థం చేసే మన పిల్లలకు ఇంతకు మించిన శిక్షణ ఉండదు. మూడవది: ఆధారాలే లేని స్థానిక మహిళల జీవితాలను, వారి వద్దకు వెళ్ళి అడిగి తెలుసుకొని ముందు ఈ వార్షిక సంచికలో అచ్చువేయాలి. ఇదొక్కటే వికీపీడియాకు తగిన ఆధారం కాకపోవచ్చు. అయినా రేపటి పరిశోధకునికి తొలిమెట్టు అవుతుంది.

విద్యార్థులారా! మీరు కూడా ఈ పనిలో సోదరీమణులకు తోడుగా నిలవండి. వారి వ్రాతను దిద్దేటప్పుడు కలానికి మర్యాద నేర్పండి. విద్యార్థినులారా! ఒక్కరే వెళ్ళడానికి జంకితే పదిమంది కలిసి వెళ్ళండి. ఏకవచనంలో మీకు దక్కని మహత్తును బహువచనంలో మన వ్యాకరణమే ఇచ్చి ఉన్నది.