కాసెకట్టు సిగ్గుచేటా?

సాముగరిడీలు నేర్చు పిల్లలకు ఇకమీదట తెల్ల అంగీ, తెల్ల లాగు, రంగుల నడికట్టు ఉండవలెనని మనవారిలో కొందరు పెద్దలు వాదించుచున్నారు. గోచియు దట్టియు నాగరికుల కంటికి సిగ్గుచేటట! జపానువారి వేషములోనే సంప్రదాయ గౌరవమున్నదట! ఈ వాదమును మేము అంగీకరింపజాలము. కరాటే నేర్చువారు కరాటే దుస్తులు ధరించుట సముచితమే. దానితో మాకు తగవు లేదు. మన కర్రసామును ఆ దుస్తులలో దూర్చి, అదియే ప్రాచీనాచారమని పిల్లలకు చెప్పుట మాకు నచ్చని పని.

ఆ ప్రాచీనత ఎంతటిదో చూతము. 1882లో కానో జిగోరో అను పండితుడు టోక్యోలోని ఒక బౌద్ధాలయమున కొడోకాన్ అను జూడో శిక్షణాలయమును నెలకొల్పెను. తొలినాళ్ల జూడో అంగీకి చేతులు పొట్టి. లాగు మోకాళ్లు దాటదు. సాధకుల మోచేతులు, మోకాళ్లు గీరుకొనిపోవుచుండుటచే 1907 ప్రాంతమున అవి పొడుగైనవి. ఎదుటివాని మెడపట్టీని, చేతిగుడ్డను పట్టి పడద్రోయుటయే జూడోలోని కిటుకు కనుక చిరుగని దళసరి నేత కావలసివచ్చినది. అనగా పనినిబట్టి బట్ట పుట్టినది.

కరాటే సంగతి ఇంకను విచిత్రము. అది ఓకినావా దీవి విద్య. అచ్చటివారు నిత్యము కట్టు బట్టలతోనో, పైబట్ట తీసివేసియో సాధన చేసెడివారు; ప్రత్యేక వేషమే లేదు. 1922లో ఫునకోషి గిచిన్ టోక్యోకు వచ్చి ఆ విద్యను ప్రదర్శించిన పిదపనే జూడో అంగీని కొంత పలుచని గుడ్డతో కుట్టించి కరాటేవారు తమదిగా చేసికొనిరి. మనవారు వేయేండ్ల నాటిదని చేతులు జోడించుచున్న దుస్తుల వయస్సు ఇంతే! నల్ల నడికట్టు 1880ల నాటిది. ఇక రంగుల మెట్లు 1930లలో ఐరోపా ఖండమున, ముఖ్యముగా 1935 నుండి పారిస్‌లో జూడో నేర్పిన కవైషి మికినోసుకె వలన వ్యాపించినవి. నీలి అంగీనైతే, ఇద్దరు ఆటగాండ్రను ప్రేక్షకులు సులభముగ గుర్తించుటకై 1997లో అంతర్జాతీయ జూడో సమాఖ్య ఆమోదించినది.

సిగ్గను మాటకును జపానువారే సమాధానము చెప్పుచున్నారు. వారి సుమో మల్లుడు నేటికిని నడుమునకు మవాషి అను కట్టు తప్ప వేరొక బట్ట లేకయే బరిలో నిలుచును. పై శ్రేణుల మల్లుల మవాషి పట్టుబట్ట; పొడవు సుమారు 9 మీటర్లు. చక్రవర్తి వచ్చి చూచినను ఆ మల్లుడు అంగీ తొడుగుకొనడు. వారు విడువని దానిని, వారిని చూచియే మనము విడువవలెనా?

మన కట్టునకును కారణమున్నది. మట్టి గోదాలో లంగోటి మర్మస్థానమును బిగించి కాపాడును. ప్రత్యర్థి చేతికి చిక్కు గుడ్డ నొంటిపై మిగుల్చదు. చెమటకు జారు దేహమునకు మట్టియే పట్టు. కేరళ కళరులలో నడుము చుట్టును పొడుగుపాటి కచ్చను బిగింతురు. కర్రసామువాని దట్టి చేయు పనియు అదియే. నడుము బిగించుట, కాసె పోయుట అను మాటలు మన భాషలో ఊరక నిలిచినవి కావు. పోటీ నియమము కోరినచోట వేషము మార్చుట తప్పనము. మహారాష్ట్రపు మట్టిలో పెరిగిన ఖాశాబా జాధవ్ 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలకు పోయి, అచ్చటి నియమముల ప్రకారము పరుపుపై పెనగి కాంస్య పతకము తెచ్చెను. మన పేటలోని కర్రసామునకు ఏ దేశపు నియమము అడ్డువచ్చినది?

బాలికల మాటేమని అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. గోచి వారికి తగదు. దాని నెపమున వారిని ఇన్నాళ్లు గరిడీ గడప తొక్కనీయకపోవుట మన పెద్దల తప్పు. కాని కేరళమున వడకరలో మీనాక్షి అమ్మ చీరను బిగించి కట్టియే కత్తి, కర్ర తిప్పినది. 2017లో పద్మశ్రీ పొందినది. బిగువైన పైజామా, మోకాళ్లవరకు చొక్కా, దానిపై దట్టి చాలవా? షోలాపురములో మగ్గమునే నమ్ముకొని నిలిచిన జాతివారము, మన పిల్లలకు గజము గుడ్డ నేయించుకొనలేమా?

వెల సంగతి పెద్దలు తలచినట్లు లేదు. అంగీకొక ధర, మెట్టుకొక పరీక్ష, పరీక్షకొక రుసుము. కూలివాని కొడుకును, వర్తకుని కొడుకును ఒక్క బరిలో నిలిపినది ఆ జానెడు గుడ్డయే. దానిని తీసివేసిన మరునాడు కూలివాని కొడుకు బరి వెలుపల నిలిచి చూచును. పరభాషా ప్రాంతమున మన బిడ్డలకు అక్షరములు దక్కుటయే కష్టమైనది. చేతికి దక్కిన ఈ ఒక్క విద్యను కలిగినవారికే మిగుల్చుదుమా?

దట్టి కట్టుట తెలిసిన వృద్ధ వస్తాదులు మన పేటలలో ఇంకను కొందరున్నారు. దర్జీకి కొలతలిచ్చుటకు ముందు వారిని పిలిపించి, రాబోవు దసరాలోపల పిల్లలకు ఆ కట్టు నేర్పింపుడని సంఘముల కార్యవర్గములను కోరుచున్నాము.