‘వయసు’ రోగం పేరు కాదు

మా పిన్నికి 58వ ఏట నాలుగు రోజుల్లో ఎడమ కన్ను మసకబారింది. కన్ను కదిపితే నొప్పి. ‘‘శుక్లం, వయసు’’ అన్నారు. మూడు నెలలకు రెండు కాళ్లూ తిమ్మిరెక్కి, మూత్రం ఆగిపోయింది. ‘‘నడుం అరిగింది, ముట్లుడిగాక ఇంతే’’ అని బలానికి సూదిమందు వేసి పంపారు. చివరికి ఒక డాక్టరు వెన్నుపాముకు ఎంఆర్ఐ, రక్తంలో అక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష చేయిస్తే తెలిసింది, అది న్యూరోమైలైటిస్ ఆప్టికా అని. పోయిన చూపు తిరిగి రాలేదు.

దీన్ని దురదృష్టం అనడానికి నేను సిద్ధంగా లేను.

శరీర రక్షణ వ్యవస్థే మెదడు, కంటి నరం, వెన్నుపాముల మీద దాడి చేసి నరాల పైపొరను చెడగొట్టే జబ్బుల్లో ఇదొకటి. మల్టిపుల్ స్క్లెరోసిస్ మరొకటి. ఇవి చిన్న వయసు జబ్బులనే నమ్మకంతో, 50 దాటిన స్త్రీలో వీటిని వెతకరు. కానీ ఈ యాంటీబాడీ ఉన్న రోగుల్లో అత్యధికులు స్త్రీలే. 50 దాటాక మొదలవడం వింతేమీ కాదు. ఆ యాంటీబాడీని గుర్తించింది 2004లో.

‘‘పెద్దవాళ్ల మెదడు స్కానులో తెల్లమచ్చలు మామూలే’’ అంటారు. నిజమే, బీపీ, షుగరు వల్లా వస్తాయి. ప్రతి మచ్చకూ ఈ పేరు పెట్టమనడం లేదు. అయితే ఆ రకం మచ్చలు సాధారణంగా వెన్నుపాములో రావు. కనుక వెన్నుపామునూ చూడండి, రక్తం, వెన్నునీరు పరీక్షించండి అంటున్నాను. పేరు తప్పినా ప్రమాదమే. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కిచ్చే ఇంటర్‌ఫెరాన్ న్యూరోమైలైటిస్‌ను ముదరబెట్టగలదు.

దాడి మొదలైన రోజుల్లోనే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు నరంలోకి ఎక్కిస్తారు. తగ్గకపోతే ప్లాస్మా మార్పిడి. మళ్లీ రాకుండా ఏళ్ల తరబడి మందులు. పెద్ద వయసులో షుగరు, ఎముకలు, ఇన్‌ఫెక్షన్లు కనిపెట్టి చూడాలి. అది జాగ్రత్తకు కారణం, చికిత్స నిరాకరించడానికి కాదు.

నిరాకరణ ఇంట్లోనూ ఉంది. ‘‘ఈ వయసులో ఇంత ఖర్చెందుకు?’’ అన్న మాట మా ఇంట్లోనే విన్నాను. బాబాయి గుండె ఆపరేషనప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నలభై ఏళ్లు వండి పెట్టిన మనిషి కళ్లకు మాత్రం లెక్కలు కట్టారు.

సంఘాల్లో పనిచేసే మిత్రులారా, రోజుల్లోనే చూపు తగ్గినా, కాళ్లు చచ్చుబడినా, మూత్రం ఆగినా ఆ స్త్రీ వెంట న్యూరాలజిస్టు దగ్గరికి వెళదాం. ‘వయసు’ అంటే, ఏ పరీక్ష చేసి తేల్చారని అడుగుదాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పేరు పెట్టి గుర్తించింది. అసలు రోగమేదో తేల్చనే తేల్చకపోతే చట్టంలోని ఆ హక్కు ఎవరికి?